బడి గ్రౌండ్‌లో పిట్టలు, సీతాకోకచిలుకలు రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

బయాలజీ_టీచర్_ఉప్పల్ | మార్చి 17, రాత్రి 9:10

అందరికీ నమస్తే. ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఊళ్లో చాలా బళ్లకు లేని అదృష్టం మాకుంది, కాస్త పెద్ద గ్రౌండే. సగానికి పైగా ఆటలకు పోతుంది. వెనక ప్రహరీ వెంట ఒక పట్టీ, నీళ్ల ట్యాంకు పక్కన ఒక మూల ఊరికే పడి ఉన్నాయి. పూర్వ విద్యార్థి ఒకాయన కొంత డబ్బు ఇస్తానన్నారు.

హెచ్‌ఎం గారు "లాన్ వేయిద్దాం, ముందు నాలుగు పామ్ చెట్లు పెడదాం, ఫొటోల్లో బాగుంటుంది" అంటున్నారు. పాఠంలో జీవవైవిధ్యం అని చెప్పి వదిలేయకుండా పిల్లలకు కళ్లతో చూపించాలని నా కోరిక. ఒక నర్సరీ నుంచి కొటేషన్ తెప్పిస్తే కోనోకార్పస్, ఫాక్స్‌టెయిల్ పామ్, ఇక్సోరా, కార్పెట్ గ్రాస్ అని రాసిచ్చారు. ఇప్పుడు ఒంటిపూట బడులు నడుస్తున్నాయి, వచ్చే నెలాఖర్లో సెలవులు. మీరైతే ఏం చేస్తారు?

నిజాంపేట్_కుర్రాడు | మార్చి 17, రాత్రి 9:31

జీవవైవిధ్యం కావాలంటే బయోడైవర్సిటీ జంక్షన్‌కి తీసుకెళ్లండి మేడమ్. సాయంత్రం ఆరింటికి అన్ని జాతులూ హారన్ కొడుతూ కనిపిస్తాయి.

పిట్టలపిచ్చోడు | మార్చి 17, రాత్రి 10:02

నవ్వొచ్చినా నిజమే. 2012లో జీవవైవిధ్యం మీద అంతర్జాతీయ సదస్సు, కాప్-11, జరిగింది మన ఊళ్లోనే. ఇప్పుడు ఆ మాట వింటే ఫ్లైఓవర్ గుర్తొస్తుంది.

మేడమ్, ముందు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఆ మూలలో ఇప్పటికే ఏమున్నాయో చూడండి. పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున పొద్దున ప్రార్థనకు ముందు పావుగంట అక్కడ నిలబెట్టి కనిపించినవి రాయించండి. ట్యాంకు కారే చోట గోరింకలు నీళ్లు తాగుతూ ఉంటాయి, గోడ మీద తొండ ఎండ కాచుకుంటూ ఉంటుంది, పొదలో పిగిలిపిట్ట గూడు ఉన్నా ఆశ్చర్యం లేదు. మనం "ఖాళీ స్థలం" అనుకునేది చాలాసార్లు ఖాళీగా ఉండదు. 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల కోసం మనమంతా పోస్టులు పెట్టాం, సుప్రీంకోర్టు దాకా వెళ్లి నరకడం ఆగింది. అదే మనం మన బడి వెనక పొదల్ని "క్లీనింగ్" పేరుతో ఏటా జేసీబీ పెట్టి గోకిస్తుంటాం.

కోనోకార్పస్ మాత్రం ఆ కొటేషన్ నుంచి కొట్టేయండి. గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దాన్ని నాటొద్దని నిషేధం పెట్టింది. దాని పుప్పొడితో అలర్జీ అని, వేళ్లు పైపుల్లోకి, డ్రైనేజీలోకి పోతాయని ఫిర్యాదులు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది కానీ మన పురుగుకి, పిట్టకి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రిటైర్డ్_బోటనీ | మార్చి 18, ఉదయం 6:20

అమ్మా, సీతాకోకచిలుక కోసం పూలమొక్కలు కొనడం అందరూ చేసే పనే. పూలకు వచ్చి తేనె తాగి వెళ్లిపోతాయి. అవి మీ బడిలోనే ఉండిపోవాలంటే గుడ్లు పెట్టే మొక్క కావాలి. ఒక్కో జాతికి కొన్ని మొక్కలే, వేరేవి ముట్టదు.

అన్నిటికన్నా సులభం కరివేపాకు. మధ్యాహ్న భోజనం వండే చోట ఎలాగూ కావాలి. నిమ్మ, మారేడు కూడా అదే కుటుంబం. నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకు మీద ఆవగింజంత గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన చిన్న పురుగు అచ్చం పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది, పిట్టలు చూసి కూడా వదిలేస్తాయి. పెరిగాక ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగులో రెండు కొమ్ములు బయటికి వస్తాయి, ఘాటైన వాసన వేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు అది ఒకసారి చూశాడంటే రూపవిక్రియ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మొత్తం మూడు నాలుగు వారాల్లో కళ్లముందే అయిపోతుంది.

తంగేడు వేస్తే పసుపు రంగువి వస్తాయి. రేల చెట్టుకీ అంతే. జిల్లేడుకి ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగుది. మీ బడిలో సన్నగా పొడుగ్గా పెరిగే అశోక చెట్లు ఉన్నాయా? ఉంటే నరికించకండి. నల్ల రెక్కల మీద ఆకుపచ్చ మచ్చలుండే టెయిల్డ్ జే గుడ్లు పెట్టేది వాటి లేత ఆకుల మీదే. ఈశ్వరి తీగ దొరికితే కామన్ రోజ్ అనే సీతాకోకచిలుక వస్తుంది. నర్సరీల్లో మాత్రం ఈశ్వరి అడిగితే మీ ముఖం వంక చూస్తారు.

ఒక జాగ్రత్త. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, చిన్న తరగతుల పిల్లలు తిరిగే చోట వద్దు. ఆముదం గింజ, గురివింద గింజ, పచ్చగన్నేరు కాయ, మూడూ విషమే. పచ్చగన్నేరును గేటు దగ్గర అందంగా ఉందని పెట్టిన బళ్లు ఎన్నో చూశాను. మీ బడిలో ఉంటే ముందు దాని సంగతి చూడండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ | మార్చి 18, ఉదయం 8:45

అందరూ చాలా బాగా చెబుతున్నారు. తల్లిగా ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. పొదలంటే పాములు, నీళ్లంటే డెంగీ. పోయిన వానాకాలం మా చిన్నాడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్స్ పడిపోతే మేం పడిన టెన్షన్ మాకే తెలుసు. మా పిల్లల బడిలో "నేచర్ కార్నర్" అని తొట్టి పెట్టి దాని మొహం చూసినవాళ్లు లేరు. రేపు ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్తారు?

పిట్టలపిచ్చోడు | మార్చి 18, ఉదయం 10:15

కోపమెందుకక్కా, అడగాల్సిన ప్రశ్నే. నీళ్ల సంగతి ముందు చెప్తాను.

డెంగీ దోమ పగలు కుడుతుంది, అంటే బడి వేళల్లోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. పిట్టలకు పెట్టే మట్టి మూకుడులో నీళ్లు రెండ్రోజులకోసారి పారబోస్తే దానికి ఆ టైమే దొరకదు. పారబోయడంతో అయిపోదు, కొబ్బరి పీచుతో లోపలి అంచులు రుద్దాలి. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. తొట్టి పెట్టి మరిచిపోయే బడిలో అసలు తొట్టే వద్దు, ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ నిజంగా దోమలు పుట్టేది మూకుడులో కాదు. మూత లేని సింటెక్స్ ట్యాంకు, బాత్‌రూమ్ వెనక విరిగిన బకెట్, టెర్రస్ మీద పాత టైరు, ఇవి చూడండి. చెరువులాంటిది తవ్వే ఆలోచన మాత్రం బడికి పెట్టుకోవద్దు, చిన్నపిల్లలుంటారు.

ఇక పాము. పాము పొద కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక వచ్చేది గోడవతల పడేసిన అన్నం కోసం, దాక్కునేది విరిగిన బెంచీల గుట్టలో, మిగిలిపోయిన ఇటుకల కుప్పలో. చాలా బళ్లలో ఆ గుట్ట ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు. ముందు దాన్ని తీయించండి. పొదల పట్టీకీ పిల్లలు నడిచే దారికీ మధ్య రెండు మూడు మీటర్లు గడ్డి కురచగా కోసి ఉంచాలి, టాయిలెట్ల వైపు అసలు పెట్టకూడదు. పాము కనిపిస్తే కర్ర తీయకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లొచ్చి పట్టుకెళ్తారు. నంబరు ఆఫీసు గోడ మీద రాసిపెట్టండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది జెర్రిపోతు, దానికి విషం లేదు. నాగుపామని దాన్ని కొట్టి చంపేస్తుంటారు.

ఒకవేళ కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ వద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి నేరుగా ఉస్మానియాకో గాంధీకో. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | మార్చి 18, ఉదయం 11:02

బెంచీల గుట్ట మా దగ్గరా ఉంది. మీటింగ్‌లో అడుగుతాను.

గ్రౌండ్_సర్ | మార్చి 18, మధ్యాహ్నం 1:40

నేను పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని, వేరే బడిలో. మీరంతా గ్రౌండ్‌ని అడవి చేసే లోపు ఒక మాట. హైదరాబాద్‌లో పిల్లలకు పరిగెత్తే జాగా ఎంత ఉందో మీకు తెలుసు. ఉన్న కాస్తా మొక్కలకిస్తే కబడ్డీ ఎక్కడ ఆడించాలి? ప్రతి జులైలో వచ్చి గ్రౌండ్ మధ్యలో గుంతలు తవ్వుతారు, ఫొటో దిగుతారు, పోతారు. ఆ గుంతల్లో కాళ్లు మడతపడేది మా పిల్లలకు.

అలాగని నేను పిట్టలకు శత్రువునేం కాను. మా లాంగ్‌జంప్ పిట్ పక్కన కంకర నేల మీద తీతువు పిట్ట గుడ్లు పెట్టింది, ఉత్తిత్తి పిట్ట అంటారే, అది. గూడు లేదు, పాడు లేదు, నాలుగు రాళ్ల మధ్య నాలుగు గుడ్లు. మొనలన్నీ లోపలికి పెట్టి సర్దింది. మట్టి రంగు మీద నల్ల మచ్చలు, అడుగు దూరంలో నిలబడినా రాళ్లే అనుకుంటాం. దగ్గరికి పోతే నెత్తి మీదికి దూసుకొస్తుంది, అరుపులకి స్టాఫ్‌రూమ్‌లో వాళ్లు బయటికి వచ్చేశారు. "తీతువు అరిస్తే మంచిది కాదు, తీసి పారేయండి" అని ఒకరు. నేను చుట్టూ సున్నంతో గీత గీసి నాలుగు హర్డిల్స్ అడ్డం పెట్టాను. లాంగ్‌జంప్ ప్రాక్టీస్ ఆ నెలంతా బంద్.

మిట్ట మధ్యాహ్నం కుళాయి దగ్గరికి పోయి పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

పిట్టలపిచ్చోడు | మార్చి 18, మధ్యాహ్నం 2:05

సర్, మీకు దండం. అది గుడ్లను చల్లబరచడానికి. ఎండలో వాటికి పొదిగే వెచ్చదనం కన్నా నీడ, తడి ముఖ్యం, లేకపోతే లోపలే ఉడికిపోతాయి. నాలుగు వారాల దాకా పొదుగుతుంది, పిల్లలు బయటికొచ్చిన కాసేపటికే నడుస్తాయి.

ఇక్కడ మొక్కలు నాటి ఉంటే ఆ పిట్టకి జాగా ఉండేది కాదు, అది గమనించండి. దానికి కావాల్సింది బోడి నేల. మన దక్కన్ నేల రాళ్లు, గడ్డి, అక్కడక్కడ పొద. అందుకే అంతా పచ్చగా నింపేయాలనే ఆత్రం నాకు నచ్చదు.

హరిత_వలంటీర్ | మార్చి 18, సాయంత్రం 6:30

మియావాకి పద్ధతి ఎవరూ చెప్పలేదేంటి? తక్కువ జాగాలో దట్టంగా నాటితే రెండు మూడేళ్లలో చిట్టడవి. యాదాద్రి మోడల్ అని మన రాష్ట్రంలోనే చేస్తున్నారు కదా.

రిటైర్డ్_బోటనీ | మార్చి 18, రాత్రి 8:12

చేస్తున్నారు నాయనా, రోడ్డు పక్కన బంజరు స్థలాలకు బాగుంటుంది. బడికి నేను వద్దంటాను. దట్టంగా పెరిగాక లోపలికి పిల్లలు పోలేరు, టీచరుకి లోపల ఏముందో కనబడదు, ఆ అమ్మ గారి పాముల భయానికి అప్పుడు నిజంగా అర్థం ఉంటుంది. పైగా నీడలో గడ్డి చచ్చిపోతుంది. గడ్డి పోతే దాని గింజలు తినే జీనువాయి పిట్టలు రావు, మిడతలు ఉండవు. రెండు నీడ చెట్లు, కొన్ని పొదలు, మిగతాది గడ్డి చాలు. ఒక కానుగ, ఒక రేల. గోడకి దూరంగా జాగా ఉంటే మేడి. మేడి పళ్లు పండాయంటే కోకిల, కంసాలి పిట్ట, రాత్రికి గబ్బిలాలు. జమ్మి ఒకటి పెట్టండి, మన రాష్ట్ర వృక్షం, దసరాకి ఆకు కోసం పిల్లలు ఎక్కడికో పోనక్కర్లేదు. మెల్లగా పెరుగుతుంది, ఓపిక ఉండాలి.

గడ్డి విషయం. ఆ వెనక పట్టీని వానలు మొదలైనప్పటి నుంచి బతుకమ్మ దాకా కోయించకండి. గునుగు, తంగేడు, గడ్డిపూలు వాటంతటవే వస్తాయి. పండగకి పిల్లలే కోసుకుంటారు, తర్వాత మిగిలింది ఒకసారి కోయించవచ్చు. ఖర్చు లేని పని.

ఒక్క వయ్యారిభామ కలుపును మాత్రం ఉంచొద్దు. పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు గ్లవ్స్ తొడిగి పెద్దవాళ్లు వేర్లతో పీకాలి. దాంతో చర్మం దద్దుర్లు, ఆయాసం వస్తాయి. వానాకాలంలో దాని ఆకుల మీద చారల పెంకుపురుగులు కనిపిస్తే చంపకండి. ఆ కలుపును తినడానికే మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు, అక్కడి నుంచి మన దాకా వచ్చాయి.

బస్తీబడి_టీచర్ | మార్చి 18, రాత్రి 9:55

మీ ముచ్చట్లు వింటుంటే అసూయగా ఉంది. మాది ముషీరాబాద్‌లో అద్దె బిల్డింగ్, జీ ప్లస్ టూ. గ్రౌండ్ అంటే మెట్ల కింద బైకులు పెట్టుకునే జాగా. మాలాంటి వాళ్లకేమైనా ఉందా?

పిట్టలపిచ్చోడు | మార్చి 18, రాత్రి 10:20

ఉంది. టెర్రస్ మీదో, కిటికీ గట్టు మీదో పెద్ద కుండీలో కరివేపాకు, ఇంకో దాంట్లో నిమ్మ. మూడో అంతస్తుకి కూడా ఆ సీతాకోకచిలుక వెతుక్కుంటూ వస్తుంది. ఒక కుండీలో ఏమీ నాటకుండా మట్టి పోసి నీళ్లు చల్లి వదిలేయండి, ఏం మొలుస్తాయో పిల్లలు రాసుకుంటారు. పులిచింత మొలిస్తే చాలు, గోరంత నీలం సీతాకోకచిలుకలు దాని మీదే గుడ్లు పెడతాయి.

గింజలు మాత్రం చల్లకండి. హైదరాబాద్‌లో గింజలు చల్లితే వచ్చేవి పావురాలే, వాటి రెట్టల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎదురుగా రోడ్డు మీద ఒక చెట్టు ఉందా? దాన్ని సీజన్‌వాచ్‌లో రాయించుకోండి. వారానికోసారి ఆకు, పువ్వు, కాయ ఎంతున్నాయో పిల్లలు చూసి నమోదు చేస్తారు, దేశమంతా బళ్లు చేస్తున్నాయి. జాగా అక్కర్లేదు, చెట్టు మీది కానక్కర్లేదు.

బయాలజీ_టీచర్_ఉప్పల్ | మార్చి 19, రాత్రి 8:30

ఇన్ని వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు అసలు కష్టాలు రెండు. ఒకటి, ఎండాకాలం. బడి మళ్లీ జూన్ 12న తెరుస్తారు, అప్పటిదాకా నీళ్లు పోసేదెవరు? రెండు, ఇన్‌స్పెక్షన్. గడ్డి కనిపిస్తే "ఏం మేడమ్, బడి ఇంత ఛండాలంగా పెట్టారు" అంటారు. పోయిన ఏడాది ఒకరు అననే అన్నారు.

నర్సరీ_అన్న | మార్చి 19, రాత్రి 9:05

మేడమ్, నేను మొక్కలు అమ్ముకునేటోణ్ణి, నా మాట వినుర్రి. ఇప్పుడు ఏమీ నాటకుర్రి. మార్చిల నాటితే పదిట్ల ఎనిమిది పోతయ్, మళ్లీ మా దగ్గరికే వస్తరు, మాకు లాభమే గని మీకు నష్టం. జూన్‌ల రెండు పెద్ద వానలు పడ్డంక పెట్టుర్రి. వనమహోత్సవం టైమ్‌ల సర్కారు నర్సరీలల్ల కానుగ, నేరేడు, రేల ఉత్తగనే ఇస్తరు, ముందే రాసియ్యాలె. కోనోకార్పస్ ఎందుకు రాసిస్తమంటే నీళ్లు లేకున్నా బతుకుతది, కాంట్రాక్టర్‌కి బిల్లు పాసైతది. గంతే.

ఎండాకాలం ఇప్పుడున్న చెట్లకు పాదు చేసి ఎండుటాకులు మందంగ పరవుర్రి. ఊడ్చి కాలబెట్టకుర్రి. పక్కన చిల్లు కుండ పాతిపెట్టి మూత పెడితే నీళ్లు మెల్లగ దిగుతయ్, రోజూ పొయ్యాల్సిన పని ఉండదు.

రిటైర్డ్_బోటనీ | మార్చి 19, రాత్రి 9:40

కుండ సలహా బంగారం. మూత గట్టిగా ఉండాలి, దోమ దూరకుండా.

ఇన్‌స్పెక్షన్‌కి మందు బోర్డు. ఊరికే పెరిగిన గడ్డి నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు వరసగా పేర్చి, ముందు "సీతాకోకచిలుకల మూల, 8వ తరగతి ఎకో క్లబ్" అని బోర్డు పెట్టి, పిల్లల నోట్‌బుక్ ఒకటి తాడుతో కట్టి ఉంచండి, అదే గడ్డి ప్రాజెక్టు అయిపోతుంది. నేషనల్ గ్రీన్ కోర్ అనే ఎకో క్లబ్‌ల పథకం కింద మీ బడిలో ఎకో క్లబ్ కాగితం మీదైనా ఉండే ఉంటుంది, ఆ రిజిస్టర్‌లో రాయించండి. ఫిబ్రవరిలో క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, వచ్చే ఏడాది దాంట్లో చేరితే చూపించడానికి జాబితా కూడా ఉంటుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | మార్చి 19, రాత్రి 10:10

సెలవుల్లో నీళ్ల గురించి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అని తల్లులతో ఉంటుంది కదా మీ దగ్గర. వాళ్లలో బడి పక్కనే ఉండేవాళ్లని అడగండి. వాచ్‌మన్ ఒక్కడి మీద వదిలేస్తే అయ్యేది కాదు, ఆయనకి జీతమే సరిగా రాదు. కరివేపాకు కోసుకోవచ్చు అని చెప్పండి, వస్తారు.

గ్రౌండ్_సర్ | మార్చి 20, ఉదయం 7:15

మీ బడి పీఈటీ తరఫున నేను బేరం పెడుతున్నాను. వెనక పట్టీ మీకు. గ్రౌండ్ మధ్యలో ఒక్క గుంత తవ్వొద్దు. బంతి గడ్డిలోకి పోతే తెచ్చేది ఎకో క్లబ్ వాళ్లు, తొక్కితే మావాళ్లని తిట్టొద్దు.

బయాలజీ_టీచర్_ఉప్పల్ | మార్చి 21, సాయంత్రం 5:50

బేరం ఒప్పుకున్నాను సర్. మా పీఈటీ సర్‌కి ఈ పోస్టు చూపిస్తే ఆయనా సరే అన్నారు. బంతి విషయంలో మాత్రం నవ్వారు.

హెచ్‌ఎం గారితో ఇవాళ మాట్లాడాను. విరిగిన బెంచీలు తీయించడానికి వెంటనే ఒప్పుకున్నారు. వెనక పట్టీ, బోర్డు, కుండలు ఓకే. ట్యాంకు మూల సెలవులయ్యాక చూద్దాం అన్నారు. గేటు దగ్గర పచ్చగన్నేరు ఉన్న మాట నిజమే, వాల్టా చట్టం కింద అనుమతి అవసరమేమో కనుక్కుని తీయిద్దామన్నారు. లాన్ డబ్బు మిగిలింది కాబట్టి దాత కూడా సంతోషించారు. కానీ ముందు వైపు పామ్ చెట్ల మీద హెచ్‌ఎం గారు పట్టు వదలడం లేదు. "రెండైనా పెట్టాల్సిందే, పక్క బడిలో ఉన్నాయి" అంటున్నారు. రేల పెడితే ఏప్రిల్, మేలో పసుపు గుత్తులతో ఇంకా అందంగా ఉంటుందని ఫోన్‌లో ఫొటో చూపించాను. "సెలవుల్లో పూస్తే ఎవరు చూస్తారు" అన్నారు.

నర్సరీ_అన్న | మార్చి 21, రాత్రి 8:20

గదీ నిజమే మేడమ్, సార్ తప్పన్లేదు. సార్‌ని జూన్‌ల మా దగ్గరికే పంపుర్రి. రేల ఇస్త, పామ్ అడిగితే స్టాక్ లేదంట.